తొంభై మెట్లు, ఒక గీత

రేపు పరీక్ష.
తొండవాడలో, స్వర్ణముఖి ఒడ్డున,
కరెంటు పోయిన వసారాలో
సెల్‌ఫోను వెలుగు పుస్తకం మీదికి వంచి
పైకే చదువుతున్నా.
చెంగప్ప తాత బానకు అడుగు చరుస్తున్నాడు,
సలప దెబ్బకూ దెబ్బకూ మధ్య వింటున్నాడు.

నైలు నది నడుమ ఒక లంక.
ఏనుగు పేరు దానికి.
నీళ్లలోకి దిగి లేవనని మొరాయించిన ఏనుగుల్లా
నున్నటి బండలు.
అక్కడి దేవుడు ఖ్నూమ్, పొట్టేలు తలవాడు...

దెబ్బ ఆగింది.
"పొట్టేలా?
మనం గంగమ్మకు కొట్టేదాన్ని
వాళ్లు మొక్కేదా?"
మొక్కడమే కాదు తాతా,
చచ్చిన పొట్టేలుకు బంగారు తొడుగేసి
గుడి పక్కనే పండబెట్టారు.
"మారాజు పొట్టేలు" అని
మళ్లీ చరిచాడు.

ఆ దేవుడు కుమ్మరి, తాతా.
సారె మీద మట్టిముద్ద పెట్టి
మనుషుల్ని చేస్తాడంట, ఒక్కొక్కర్నే.

ఈసారి సలప కింద పెట్టేశాడు.
కొండమీద సామి పగిలిన కుండలో పెరుగన్నం తింటాడని
చిన్నప్పట్నుంచీ నాకు చెప్పిన గొంతుతోనే
అడిగాడు:
"ఆవం యాడ పెట్టినాడు?"

వెతికాను. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాను.
బొమ్మలో సారె ఉంది,
కూర్చున్న దేవుడున్నాడు,
సారె మీద నిలబడ్డ పిల్లోడున్నాడు.
నిప్పు లేదు.

"అట్ట జెప్పు మ్మే. కాల్చకుండానే పంపించేసినాడు.
అందుకే ఇట్ట కరిగిపోతా ఉండాం."

కాసేపటికి,
"ఆయన పక్కన నీళ్లు పోసేదెవురు?"
సాతెత్ అని ఆయన దేవి ఉంది తాతా,
ఏటి నీళ్లు ఆమె చేతిలోవే.
తాత ఏమీ అనలేదు.
సారె పక్కన అవ్వ కూర్చునే చోట
ముంత ఇంకా బోర్లించే ఉంది.

గుడి పోయింది, రాతి వాకిలి ఒకటి మిగిలిందని చదివాను.
గట్టున తొంభై మెట్లు,
వరద ఎన్ని మెట్లెక్కిందో చూసి
పన్ను కట్టేవాళ్లని చదివాను.
"నీళ్లొస్తేనే పన్నా? మంచి దొరలు.
మాకాడ ఏరెండినా కట్టించుకున్నారు."

మా ఏట్లో చెలమ తవ్వితే
మూడు బారలకి గానీ తడి తగలదు.
కానీ ఆ కార్తీకంలో
ఒక్క రాత్రిలో వచ్చింది స్వర్ణముఖి,
ఆవాన్నీ, ఆరబెట్టిన నూటముప్పై కుండల్నీ తీసుకుపోయింది.
తెల్లారి వసారా గోడ మీద
మేకుతో తాత గీసిన గీత
నా భుజాని కంటే జానెడు పైన.

తాత లేచి, బంకమన్ను చేత్తోనే
చీకట్లో ఆ గీతని తడిమాడు.
సరిగ్గా దొరికింది చేతికి.
"వాళ్లకి తొంభై మెట్లు గదా" అన్నాడు,
"మనకిది చాల్లే."

పరీక్షలో ఆ లంక గురించే అడిగారు, పది మార్కులకి.
మెట్లు రాశాను, వాకిలి రాశాను, పొట్టేళ్లు రాశాను.
చివర్లో, గంట కొట్టాక,
ఇంకో వాక్యం:
ఆవం ఉన్నట్టు ఆధారాలు లేవు.