నాలుగు వేళ్ళ ఎత్తు

కుతైసి వెళ్ళాల్సిన వ్యాను
ఎక్కడో మలుపులో నన్ను దింపేసి పోయింది.
డ్రైవరు తప్పు కాదు.
దిగాల్సిన ఊరి పేరు నేనే తప్పు పలికాను,
గొంతు అడుగున పుట్టే వాళ్ళ ‘క’ నాకు పలకదు.

వాన. మొక్కజొన్న చేలు.
కంచె మీద ఆరేసి మరిచిపోయిన దుప్పటి.
రేకుల షెడ్డులో వరసగా
ఏడు మట్టి కడుపులు, నా ఛాతీ ఎత్తున,
భుజాలూ పెదవులూ ఇంకా రానివి.
వాటి మధ్య ఇపొలితే
మట్టిని పాములా సాగదీసి అంచు మీద చుడుతున్నాడు.
లేవలేదు. గడ్డంతో బల్ల చూపించాడు.

ఈ రోజుకి పూర్తవుతుందా అని చేతులతో అడిగాను.
నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టాడు.
రోజుకి ఇంతే.
అంతకు మించితే తన బరువుకి తనే కూలబడుతుందట.
తడి ఆరాలి, నిలబడడం తెలియాలి,
రేపు మళ్ళీ నాలుగు వేళ్ళు.
ఒకటి ఆరేలోగా ఇంకొకటి, అందుకే ఏడు.

వీటిని మన మాటలో ఏమనాలా అని వెతుక్కున్నాను.
బాన కాదు, కాగు కాదు, గోలెం అసలే కాదు.
గరిసె అందామంటే అది నేల మీద నిలబడేది,
వీటిని పీకలదాకా పాతేస్తారు.
తొక్కలతో గింజలతో ద్రాక్షరసం పోసి
మూత మీద మట్టి కప్పి
చలికాలాన్ని కాపలా కూర్చోబెడతారు.
పాతర!
ధాన్యం కోసం మనం తవ్విన గుంతనే
వీళ్ళు బట్టీలో కాల్చి నేలకి తిరిగిచ్చారు.

నాకూ ఒక ముద్ద ఇచ్చాడు.
నా పాము నడుం దగ్గర తెగింది. రెండోది కొండచిలువ.
అంచు మీద పెట్టి బొటనవేలితో నొక్కాను.
నా వేలిముద్ర నిప్పుల్లో కాలి
వందేళ్ళు నేల కింద ఉండిపోతుందని రాసుకోవాలనుంది.
లేదు.
నేను చేతులు కడుక్కుంటుండగానే
అది పీకేసి తనది పెట్టాడు.
నేను చూస్తున్నానని ఆగలేదు కూడా.

నాజిబ్రోలా రొట్టె తెచ్చింది,
మట్టి పెనం మీద కాల్చిన మొక్కజొన్న రొట్టె,
దాని మీద ఆమె మూడు వేళ్ళ అచ్చులు.
వాటిని ఎవరూ చెరపలేదు. తినేశాం.

పెరట్లో పాతిన జాడీల్ని కడిగేది ఆమేనట,
ముప్ఫై ఏళ్ళుగా, వీధి మొత్తానివి.
మనవరాలు నూత్సా తన బడి ఇంగ్లీషులో చెప్పింది:
లోపలికి దిగినవాళ్ళు పాడుతూనే ఉండాలి.
పాట ఆగితే ఊపిరి ఆగిందనుకుని
పైనున్నవాళ్ళు తాడు లాగుతారు.
“దిగుతావా?”

నడుముకి తాడు, చేతిలో చెర్రీ బెరడు కుంచె.
లోపల తేనెమైనం వాసన,
పైన పళ్ళెమంత ఆకాశం.
నాకు పాటలు రావు.
నోటికొచ్చింది పదమూడో ఎక్కం.
పదమూడొకట్ల పదమూడు,
పదమూడు రెళ్ళు ఇరవయ్యారు,
ప్రతి అంకెనీ గుండ్రంగా మలిచి
గోడలు నాకే అప్పజెప్పాయి.
పదమూడార్లు డెబ్భై ఎనిమిది.
పదమూడేళ్ళు...
పదమూడేళ్ళు...
మూడో తరగతిలో ఆగిన చోటే ఆగాను.

తాడు బిగిసింది.
పైనుంచి ముసలి గొంతు నా పేరు పిలిచింది,
మూడుసార్లు, ప్రతిసారీ కొత్త తప్పుతో.
అంత కంగారుగా నన్ను ఎవరైనా పిలిచి చాలా కాలమైంది.
“తొంభై ఒకటి!” అని అరిచాను.
తాడు వదులైంది.

సాయంత్రం వ్యాను దొరికింది.
ఎక్కేముందు షెడ్డులోకి తొంగిచూశాను.
ఆరు జాడీలు నాలుగు వేళ్ళు పెరిగాయి,
అంచుల చుట్టూ తడిగోనె.
ఏడోది నిన్నటంతే ఉంది.
అది నా వల్లే.