మూడో పాట మధ్యలో

వాల్పరైసో రేవులో పాత చేపల గోదాం.
నేను తీగలు చుట్టేవాణ్ణి.
ఇరవై రెండేళ్లుగా మూడో పాట మధ్యలో
ఎలెయుతేరియో స్పీకరు మీంచి దూకుతాడు.
జనం డబ్బులిచ్చేది ఆ ఒక్క దూకుడికే.
పాటంటారా, అది వాళ్లకీ వచ్చు.

ఇవాళ మధ్యాహ్నం మైకులు సరిచూస్తుంటే
మోకాలి పట్టీ బిగించుకుంటూ అన్నాడు:
"కాస్త పొట్టి స్పీకరు పెట్టు, చెమో."
పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

మూడో పాట. డ్రమ్ము ఆగింది.
ఎనిమిది వందల ఫోన్లు గాల్లోకి లేచాయి.
ఎక్కాడు. నిలబడ్డాడు.
నూతిలోకి తొంగి చూసినట్టు
మా అందరికేసీ చూశాడు.
కూర్చున్నాడు.

కాళ్లు వేలాడేసి, చెమట తుడుచుకుని,
మిగతా పాట మైకు లేకుండా పాడాడు.
వెనక వరసలకి వినబడలేదు.
వినబడాలని
వాళ్లే నోళ్లు మూసుకున్నారు.
రేవులోంచి క్రేను మూలుగు,
సముద్రసింహాల అరుపు
టికెట్టు లేకుండా లోపలికొచ్చాయి.
ఫోన్లు ఎప్పుడు దిగాయో నేను చూడలేదు.

అంతా అయ్యాక తలుపు దగ్గర
ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు:
దూకలేదుగా, సగం డబ్బు వెనక్కిమ్మని.
దూకుతాడని టికెట్టు మీద ఎక్కడుందో చూపించమన్నాను.
వెతికాడు పాపం,
రెండు వైపులా.