ముందు ఇద్దరు, వెనక ఇద్దరు

నల్లకుంట, ఫీవర్ దవాఖాన ఎదురుంగ.
రాత్రి పదకొండు దాటినంక మెడికల్ షాపుకు నేనే దిక్కు.
షట్టరు సగం దించి, స్టూలు మీద కూసొని
పగిలిన ఫోను అద్దం కింద
నలుగురిని నేలమాళిగలకు దింపుత.

పేర్లు ఆటనే పెట్టి ఇస్తది, పండ్లకు అడ్డంపడే పేర్లు.
తీసేసి నావాళ్లను పెట్టుకున్న.
డాలు పట్టేటోడు పోశెట్టి, పక్క ఏటీఎం కాడి వాచ్‌మన్.
"నాకు గంత పెద్ద డాలా!" అని నవ్విండు చూపిస్తే,
"ఎదురుంగున్న రాక్షసుడు బ్యాంకోడా?" అన్నడు,
సాసర్ల పోసిన నా సగం చాయ్ ఊదుకుంట.
తాళాలు తీసేటోడు ఇంతియాజ్,
మొజంజాహి మార్కెట్ల ఒకసారి నా బండి తాళం
చెయ్యి కడుక్కొని వచ్చేలోపల తీసిండు.
గాయాలకు రాజమణి సిస్టర్,
చిల్లర లేకుంటే చాక్లెట్లు ఇయ్యనియ్యదు.
మంత్రాలకు చక్రపాణి సారు, ట్యూషన్ సారు,
ఏ లెక్కనైనా "ఇది చిన్నదే" అని మొదలుపెట్టి
బోర్డంత నింపేటోడు.
ఆటల గూడ గట్లనే, ఆయన మంత్రం అయ్యేసరికి
మాకు రెండు దెబ్బలు పడ్తయి.

సంచిల ఎనిమిది అరలు.
కాగడాలు మూడు తీస్కుంటే రొట్టెలు తక్కువైతయి,
రొట్టెలు తీస్కుంటే విషానికి మందు పట్టదు.
ఆ ఎనిమిది అరల ముంగట నేను కూసున్నంత సేపు
మా ఓనరు జీఎస్టీ ముంగట గూడ కూసోడు.
రెండో అంతస్తుల ముత్యాల హారం దొరికింది,
పారేసి రొట్టె ఉంచిన.
ఇంతియాజ్ మొహం జర మాడ్చుకున్నడు,
లేకుంటే నాకట్ల అనిపించింది,
వాని మొహమంటే నాలుగు చుక్కలే.

రెండున్నరకు ఒకామె వచ్చింది,
భుజం మీద పిల్లగాడు, కాళ్లకు ఒక్కటే చెప్పు.
జ్వరం గోలీలు అయిదు చాలన్నది.
కత్తెర తీసి షీటును సగానికి కోసిన.
తారీఖున్న ముక్క షాపుల ఉండాలె, అది పద్ధతి.
ఆమె చేతిల అదే పడ్డది.

మల్ల వచ్చి చూస్తే
గద ఎత్తిన రాక్షసుడు ఎత్తినట్టే ఉన్నడు.
ఈ ఆటల ఒక్క మర్యాద ఉన్నది,
నేను కదిలేదాక వాడు గూడ కదలడు.
పాల బండి వచ్చేదాక నిలబెట్టినా
చెయ్యి గుంజుతున్నదనడు.
రోడ్డు దాటుతున్నామె ఇంకా వినిపిస్తున్నది,
ఒక అడుగుకు చప్పుడు, ఒక అడుగుకు లేదు.

పోశెట్టికి ప్రాణం మూడు మిగిలింది.
ముందు వరుసల నిలబడితే ఒక్క దెబ్బ.
రాజమణి కాడ మందు అయిపోయింది.
పైకి పోతే సత్రం, నలభై వరహాలకు
కొత్తోడు దొరుకుతడు, డాలు వాడే తెచ్చుకుంటడు.
ఆట తెలిసినోళ్లు అదే చేస్తరు.
"అన్నా, అంకెలు చూడు, పేర్లు చూడకు" అంటడు మా తమ్ముడు,
వాడు ఎప్పుడో ఆఖరి అంతస్తు చూసొచ్చిండు.

ఏటీఎం ముంగట కుర్చీ మూడు రాత్రుల సంది ఖాళీ.
పదాల గళ్లు సగం నింపిన పేపరు
మడతపెట్టి దాని మీదనే ఉండె.
ఇయ్యాల ఒక పిల్లగాడు వచ్చి కూసున్నడు.
అదే నీలం అంగి, భుజాలు జారుతున్నయి వానికి.
"పోశెట్టి ఏడి?" అన్న.
"ఎవరు?" అన్నడు.
ఏజెన్సోళ్లు పంపిన్రట. చార్జర్ ఉన్నదా అని అడిగిండు.
ఇచ్చిన. పేరు అడగలె.

ఇంతియాజ్‌ను ముందుకు తెచ్చిన, గొణుక్కుంటనే వచ్చిండు.
పక్కన చక్రపాణి సారును నిలబెట్టిన,
దెబ్బలు తింటడు, ఏం చేస్తం, చిన్నదే.
పోశెట్టిని వెనక్కి పంపి
డాలు విప్పిచ్చి కాగడా చేతికిచ్చిన.
కాగడా పట్టేటోడు ఈ ఆటల కొట్టే పని లేదు,
వెలుగు పడ్డకాడికి మిగిలినోళ్లం పోతం, అంతే.

కింద ఇంకో మెట్ల వరుస కనిపిస్తున్నది.
ఫోన్ల పదకొండు శాతం.
చార్జర్ వాని కాడున్నది.