బదిలీ కూలీ

పొందూరు దాటాక కిటికీ పక్క చోటు దొరికింది.
ఒళ్ళో ఆఫీసు కాయితాలు, వాటి కింద
లైబ్రరీలో ఎవరూ అడగని ఓ పాత చైనా ముచ్చట్ల పుస్తకం.
అందులో ఒకడు సరిహద్దు ద్వారం దగ్గర నిలబడి
తెల్లగుర్రం గుర్రం కాదంటున్నాడు.
సుంకం గుర్రాలకి కదా, మరి దీనికెందుకు?
కావలివాడు డబ్బు పుచ్చుకున్నాడో లేదో
ఒకరు చెప్పినట్టు ఒకరు చెప్పలేదట.
చీపురుపల్లి దాకా నవ్వుకున్నాను.

పదిన్నరకి విజయనగరం లేబరాఫీసులో
జూట్‌మిల్లు వకీలు కళ్ళజోడు తుడుచుకుని లేచాడు.
"బదిలీ కూలీ అంటే, అయ్యా,
కూలీ రాని రోజున వచ్చేవాడు.
కనక కూలీ కాడు."
టైపు మిషను మీద నా వేళ్ళు ఆగిపోయాయి.
గుర్రం ఇక్కడిదాకా వచ్చేసింది.

గేదెల అసిరయ్య, ఇరవై రెండేళ్ళ బదిలీ,
కనురెప్పల మీద ఇంకా నార నూగు,
బెంచీ పట్టుకుని లేచాడు.
"మా ఇంటిపేరు గేదెలోరు బాబూ.
ఏ మారాజూ మమ్మల్ని పాలడగనేదు.
మిషను నా ఏలు కొరికీసిన్నాడు
నువ్వు బదిలీయేటి, పెర్మనెంటేటి
అని అడిగిందేటి?"

అందరూ నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు.
నవ్వాక నా వైపు తిరిగి
"ఇది రికార్డులో అక్కర్లేదు" అన్నాడు.

ఆ రాత్రి తిరుగు బండిలో దీపం సరిగా వెలగలేదు.
అయినా చదివాను.
అక్కడ ఊరికే పొద్దుపోక వాదించినవాళ్ళు లేరు.
రాజ్యాలు ఒకదాన్నొకటి నములుతున్న కాలం,
మాట ఎవరి చేతిలో స్థిరపడితే
పన్నూ శిక్షా వాళ్ళ చేతిలో.
ఒకాయన పది పగళ్ళూ పది రాత్రులూ నడిచాడట,
గుడ్డ చింపి పాదాలకి చుట్టుకుని,
ముట్టడి మానమని రాజుతో వాదించడానికి.
ఎంత బాగుందో అనుకున్నాను.
ఆయన వెనకటివాళ్ళే రాశారట,
దొంగను చంపడం మనిషిని చంపడం కాదని.

పుస్తకం మూసేశాను.
మా చిన్నతాతని కొండ దిగువన పడుకోబెట్టిన రోజు
పోలీసు కాయితంలో ఆయన పేరు ముందు
ఒక మాట ఉందట.
మనిషి అన్న మాట కాదది.
నానమ్మకి చదువు రాదు, ఎవరో చదివి వినిపించారు.
ఆ ఒక్క మాటకి మాత్రం
మళ్ళీ చదవమందట.

సోమవారం మినిట్స్ టైపు చేశాను.
ఒక తెల్ల కాయితం, రెండు కార్బన్లు, రెండు పల్చటి కాయితాలు.
"కూలీ గేదెల అసిరయ్య హాజరు" అని కొట్టాను.
ఆఫీసరు చదివి, పెన్ను మూత తీసి,
కూలీకి ముందు చిన్న గుర్తు పెట్టి
పైన ఎర్రగా "బదిలీ" అని రాశాడు.
పై కాయితం మీద.

కిందవి రెండూ
బీరువాలో ఉన్నాయి.