గురువారం కాగితం

టూర్‌హిల్డ్ లెక్కలు పదకొండేళ్లుగా నేనే చూస్తున్నాను.
బెర్గెన్‌లో, చేపల రేవు వెనక మెట్ల సందులో
ఆమెది గొడుగులు బాగుచేసే కొట్టు.
ఇద్దరు లోపలికొస్తే
మూడో మనిషి వానలోనే నిలబడాలి.

పెద్ద వీధిలో కొత్త గొడుగు కాఫీ ధరకే దొరుకుతుంది.
విరిగితే చెత్తబుట్ట. మళ్లీ కాఫీ ధర.
ఈ ఊళ్లో వానకు సెలవు లేదు కనుక
చెత్తబుట్టలకీ లేదు.
నల్లటి రెక్కలు బయటికి వేలాడేసుకుని
చచ్చిన కాకుల్లా అందులో గొడుగులు.

ఆ ఏడు పుస్తకంలో ఎర్ర సిరానే ఎక్కువ.
"ప్రకటన వేయించు" అన్నాను.
ఆమె ఒక కాగితం మీద ఏదో రాసి
తలుపు అద్దానికి లోపలివైపు నుంచి అంటించింది.

"తడి గొడుగును ముడిచిపెట్టకండి.
సగం తెరిచి ఆరనివ్వండి.
చువ్వకు తుప్పు పట్టేది వానలో కాదు,
మీ అలమరలో."

అంతే. ధర లేదు. రండి అని లేదు.
కొట్టు పేరు కూడా లేదు.

మరుసటి గురువారం ఇంకొకటి.
ఆపై గురువారం ఇంకొకటి.
కుట్టు ఎక్కడ ముందు వీడుతుందో,
వెదురు పిడికి ఏ నూనె నప్పుతుందో.
"ఈ పని సూదీ దారంతో మీ ఇంట్లోనే అవుతుంది,
దీనికోసం నా మెట్లెక్కకండి."
ఒక వారం ఇలా:
"మంగళవారం ఒక ఎర్ర గొడుగు చువ్వ
నా చేతిలోనే విరిగింది.
తొందరపడ్డాను. డబ్బు తీసుకోలేదు."

నాకు తల తిరిగింది.
కాగితానికి రెండు గంటలు,
ఏడాదికి నూటనాలుగు గంటలు,
ఏ పద్దు కింద రాయను?
ఖర్చా? పెట్టుబడా? పిచ్చా?
చేతి చమురు వదిలించుకుంటున్నావన్నాను.
ఆమె పళ్లతో దారం కొరుకుతూ
"నాకు తెలిసింది నా దగ్గరే ఉంచుకుంటే
తడి గొడుగును ముడిచిపెట్టినట్టే కదా" అంది.

చలికాలమంతా వాటిని చదివింది
ఉత్తరాలు పంచే కుర్రాడు,
నేను, అదీ తప్పులు దిద్దడానికి,
ఎదురింటి పిల్లి, బహుశా.

మార్చిలో, స్టూర్డ్ ద్వీపం నుంచి పడవ దిగి
ఎయ్‌లిఫ్ అనే ముసలాయన వచ్చాడు.
చర్చివాళ్ల పదమూడు నల్ల గొడుగులు,
సమాధుల దగ్గర పట్టేవి,
తాడుతో కట్టి భుజాన మోసుకొచ్చాడు.
కొట్లో పట్టలేదు. సగం మెట్ల మీదే.

"తిరగబడితే లాగొద్దు,
గాలికి ఎదురుగా తిప్పితే గాలే సర్దుతుంది
అన్నది మీరేనా?"
ఆ కాగితాన్ని ఎవరో చేత్తో రాసుకున్నారట,
వాళ్ల దగ్గర ఆయన కోడలు విందట.
"పద్నాలుగోదాన్ని లాగి విరిచాను.
అప్పటికి మీరు నాకు తెలియదు."

మీ కొట్టు తెలియదు అనలేదు.
మీరు తెలియదు అన్నాడు.
పెన్ను మూత పెట్టి కాసేపు ఊరుకున్నాను.

ఆమె మేడలేం కట్టలేదు.
ఎర్ర సిరా తగ్గింది, ఒక కుర్చీ కొంది,
వచ్చినవాళ్లలో సగం మంది
మొదటిసారే పాత స్నేహితుల్లా మాట్లాడారు.

నవంబరులో జ్వరమొచ్చి
ఒక గురువారం అద్దం ఖాళీగా ఉండిపోయింది.
శుక్రవారం తలుపు కింద నాలుగు చీటీలు.
ఒకదాంట్లో: "నా గొడుగు బాగానే ఉంది.
మీరెలా ఉన్నారు?"
దాన్ని రశీదుల ఫైల్లో పెట్టాను,
పన్ను అధికారి ఏమైనా అనుకోనీ.

నిన్న వంతెన మీద నా గొడుగు తిరగబడింది.
లాగబోయి, ఆగి,
ముఖాన జల్లు కొడుతుంటే
గాలికి ఎదురుగా తిరిగి నిలబడ్డాను.
టప్పున సర్దుకుంది.

పదకొండేళ్లుగా ఆమె దగ్గర ఫీజు తీసుకుంటున్నాను.
ఈ నెల బిల్లు ఇంకా రాయలేదు.