పది రోజుల నది

సావో ఫ్రాన్సిస్కో నదికి ఉత్తరాన పెనేడో,
దక్షిణాన విలా నోవా,
నడుమ నా పడవ.
పేరు ఎలెస్బావ్. వయసు అడగాలంటే
ఏ ఒడ్డున నిలబడి అడుగుతున్నారో ముందు చెప్పండి.

దక్షిణాన రోము పెద్దాయన దిద్దిన కేలండరు.
ఉత్తరాన పాదిరీలు దాన్ని వేలితో ముట్టరు.
పండగలు వానలో తడిసినా సరే,
రోము లెక్క మా గడప తొక్కరాదంటారు.
అక్కడ ఇరవై నాలుగైతే ఇక్కడ పద్నాలుగు.
పావుగంట తెడ్డు వేస్తే పది రోజులు.

మా అమ్మ చిన్నప్పుడు ఇది వలస.
రెండు దేశాల ఓడలు రెండు కొసలా పీక్కుతినేవి.
సముద్రం అవతల వాళ్లలో వాళ్లు కొట్టుకుని
మూడేళ్లు ఒక్క ఓడా పంపలేదు.
రేవుల్లో చక్కెర బస్తాలకి చీమలు పట్టాయి.
నాలుగో ఏడు గానుగల యజమానులంతా కూర్చుని
మనమే సామ్రాజ్యం అనుకున్నారు.
ఒక్క చక్రవర్తికి రెండు పట్టాభిషేకాలు:
రెసీఫెలో పొడి తలతో, కీర్తన పాడించి
మధ్యాహ్నం భోజనానికి వదిలేశారు;
బాయీయాలో నూనె, ధూపం, పదకొండు గంటలు.
నాణేనికి ఓ వైపు పుస్తకం, ఓ వైపు సిలువ.
సంతలో ఏ వైపు పైకి పెట్టి ఇస్తావో అదే నీ మతం.
నేను గుప్పిట మూసి ఇస్తాను.

నా లంగరు రాతి అంతోనియో,
ఉత్తరం వాళ్లు గుడి ఊడ్చి నదిలో విసిరేసిన పునీతుడు.
ముక్కు లేదు. బాగా మునుగుతాడు.

అమ్మ పేరు ఫెలిజార్దా.
విలా నోవా విధవరాలు దోన్యా కితేరియా సొత్తు,
పెనేడోలో బ్రూక్‌మాన్ దొర గానుగకి అద్దెకిచ్చిన మనిషి.
విధవరాలు పోతూ పోతూ రాయించింది:
జాన్ పండగ నుంచి దీనికి విడుదల, జూన్ ఇరవై నాలుగు.
ఆ పొద్దున అమ్మ మూట కట్టుకుని వాకిట్లో నిలబడింది.
దొర గోడ మీది కాగితం చూపించాడు.
ఇవాళ పద్నాలుగు.
ఆ రాత్రి అవతలి ఒడ్డున పండగ మంటలు,
కాలుతున్న మొక్కజొన్న వాసన గాలికి ఇటే వచ్చిందట.
మూట విప్పలేదు అమ్మ.
నెత్తిన చెరకు, చంకన మూట, నిండు నెలలు.
నాలుగో నాడు, గానుగ వెనక పిప్పి మీద, నేను.

తల్లి బానిసైతే బిడ్డ బానిస.
ఈ ఒక్క చట్టం దగ్గర మాత్రం
రెండు మతాలకీ తగువు లేదు.

పదో నాడు అమ్మకి కాగితం వచ్చింది. నాకు రాలేదు.
చీకటి పడ్డాక నన్ను చక్కెర పోసే మట్టి అచ్చులో పెట్టి
దొంగ పడవలో దాటించింది.
ఎక్కినప్పుడు ఆరు రోజుల వాణ్ణి,
దిగేసరికి కాగితాల లెక్కన పదహారు.

నలభై ఏళ్లుగా వ్యాజ్యం.
బాయీయా కోర్టు: పుట్టుకతో స్వతంత్రుడు.
రెసీఫె కోర్టు: బ్రూక్‌మాన్ వారసుల ఆస్తి.
కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి;
చక్రవర్తి వాయిదా వేస్తాడు,
ఆ వాయిదా కూడా రెండు తేదీల్లో వస్తుంది.
రెండు పడవల మీద కాళ్లు పెట్టకురా అంటారు పెద్దలు.
నాకున్నది ఒక్కటే పడవ. కాలు పెట్టలేనిది ఒడ్డు మీద.

మొన్న దండోరా వేశారు:
సామ్రాజ్యానికంతటికీ ఒకటే కేలండరు,
వచ్చే నెల ఉత్తరాన పది రోజులు కొట్టివేత.
పెనేడో రేవులో పాదిరీలు గుండెలు బాదుకుంటున్నారు,
దేవుడిచ్చిన రోజుల్ని రోము దోచుకుంటోందని.
పడవలో చెరకు నరికే ముసలాయన, జెర్వాజియో,
కత్తి ఒళ్లో పెట్టుకుని అడిగాడు:
'ఆ పది రోజుల పని కూడా పోతుందా?'
ఎవరూ మాట్లాడలేదు.
నాకూ ఓ ప్రశ్న ఉంది.
ఇంత సులువుగా చెరిగేవైతే
ఆ పది రోజులు అమ్మ మోసిన చెరకు
ఏ ఒడ్డున దించాలి?

రేవు వచ్చింది.
తాడు విసిరాను, వాళ్లు పట్టుకున్నారు.
జెర్వాజియో దిగాడు.
నేను దిగలేదు.