బద్ద

నా సెయ్యి అబద్దమాడదు.
పద్దెనిమిదేల్లు కాసీబుగ్గ బట్టీలో పప్పు ఏరినాను.
గుండు ఇటు, బద్ద అటు, నూక సేటలోకి.
కల్లు మూసుకున్నా ఏలికొసకి తెలిసిపోద్ది
ఏది నిలిసే పప్పో
ఏది ముట్టుకుంటే రెండయ్యేదో.

నా నోట్లోదే తెలీలేదు.

కింద కుడిపక్క, సివరాకరిదానికి ముందుది.
డాట్రుబాబు కుర్రోడు, మంచోడే,
మాట మెత్తన, సేతులు సల్లన.
"నరం తీసేస్తే ఇంక నొప్పుండదమ్మా" అన్నాడు.
మూడుపాల్లు ఆ కుర్సీలో ఎల్లకిల్లా పడుకున్నాను
లైటు సుట్టూ తిరిగే దోమని సూసుకుంటా.
నాలుగేల ఐదొందలు.
టోపీకి మరి మూడేలు.
టోపీ అంటే నవ్వొచ్చినాది,
సగం నోరు మొద్దుబారి
నవ్వు ఒకపక్కే వొచ్చినాది.

నరం తీసేసినారు. నొప్పి తియ్యలేదు.
ఇల్లు కాలీ సేసి ఎల్లిపోనోల్ల కుక్క
ఆ అరుగు మీదే పడుకున్నట్టు
అక్కడే ఉండిపోనాది.

రేత్రి గూడ్సుబండి వొస్తాది గదా,
మా గోడ కంటే ముందు
నా దవడకి తెలుస్తాది.
లేసి కూకుంటాను.
ఉప్పునీల్లు, లవంగం, జామాకు, మల్లీ ఉప్పునీల్లు.
దాలమ్మప్ప జీడిసొన ఓ సుక్క ఎట్టి సూడమంది.
సేతులు తిన్నాది సాలదా అప్పా
నోరు కూడా దానికియ్యాలా?

మా అత్తకి అరవయ్యారు.
అడ్డసుట్ట నిప్పు నోట్లో ఎట్టుకుని తిరిగిన మనిసి
మొన్నకి మొన్న నా ఎదాటే సెరకు సీల్సినాది.
"మాకు డాట్రు లేడు, అందుకే పల్లున్నాయి" అంటాది.
ఏటంటాను?

పుండైతే సూపించొచ్చు.
జొరమైతే సెయ్యేసి సూస్తారు.
వైద్యం అయిపోనాక వొచ్చే నొప్పికి
ఏ ఇంట్లోనూ పీటెయ్యరు.
"ఏడేలు పోసినాం, ఇంకా ఏటే నీ గోల?"
అంటాడు మా ఢిల్లేస్రావు.
ఏడేల ఐదొందలు, అంటాను.
ఆ ఐదొందలు కూడా నొప్పెడతాయి నాకు.

రోజుకి ఇరవై కేజీలు నా సేతి మీంచి పోతాది.
ఓరోజు మేస్త్రీ అటు తిరిగినప్పుడు
ఒక్క పప్పు ఎడమ బుగ్గలో ఎట్టుకున్నాను.
కొరకలేదు.
నాని నాని మెత్తబడేదాకా, మద్దేనం గంట కొట్టేదాకా
దాన్ని అలాగే దాసుకున్నాను.

నాలుగోపాలి ఎల్లినాను.
"కొన్నాళ్లకి సర్దుకుంటుంది" అనబోయి
ఎందుకో ఆగి, మల్లీ ఎక్సరే తీసినాడు.
ఆ నల్లటి బిల్ల లైటుకి ఎత్తి పట్టినాడు.
తెల్లగా నా పన్ను,
లోపల పోసిన మందు రెండు కాల్లలా,
పక్కన ఎంటుక కంటే సన్నం గీత.

బాబూ, అన్నాను, ఇది బద్ద.

నవ్వినాడు.
నవ్వు మజ్జిలో ఆపీసి దగ్గరికి వొంగినాడు.
సానా సేపు సూసినాడు.
టోపీ మీద ఏదో ఎట్టి కొరకమన్నాడు,
కొరికి ఒదిలినాను,
ఒదిలినప్పుడు కల్లంట నీల్లొచ్చీసినాయి.
"నేనెలా చూడలేదో" అని గొనుక్కున్నాడు, నాతో కాదు.
మరి కేజీకింతని
నాకు కూలిచ్చేది దానికే గదా.

తీసీడమో, సికాకులం పెద్దాసుపత్రికి ఎల్లి సూపించుకోడమో.
ఆలోసించుకుని రమ్మన్నాడు.
ఆ రోజు డబ్బులు పుచ్చుకోలేదు,
నా మొకంలోకీ సూడలేదు.
కోపం రావాల నాకు.
ఇంటికెల్లీదాకా ఎతికినాను, దొరకలేదు.

పొద్దున్న బట్టీలో ఓ పప్పు సేతికొచ్చినాది.
తెల్లగా, నిండుగా, నడుంకాడ సన్నం గీత.
ఏలికి తెలిసిపోనాది.
బద్దలోకి ఇసరబోయి
అరిసేతిలోనే ఉంచుకున్నాను.
మేస్త్రీ సూస్తన్నాడు.

గుండులో ఏసీసినాను.
కొన్నాల్లు ఉండనీ, పోనీ.

నాలికి మాత్తరం ఊరుకోదు,
నిమిసానికోపాలి ఎల్లి
ఉందో లేదో సూసొస్తాది.